తోకల డబ్బా

ఫారం కింద పడితే వచ్చే చప్పుడు ఒక్కసారి విన్నవాడు ఇక మరచిపోడు. ముందు ఇనుప చట్రం నేలకు తగిలిన మోత. ఆ వెంటనే గచ్చు మీద గంపెడు కంకర ఒంపినట్టు సీసం అక్షరాలు జలజలా దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినబడదు. మనకు భయం వేసేది అప్పుడే.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. మూడో తరగతిలో పలక పగలగొట్టుకుని బడి మానేసినవాణ్ణి. అందుకే ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మా మామయ్య, అంటే మా ఆవిడ తండ్రి, తాను పనిచేసే అచ్చు ప్రెస్సులోనే నన్నూ పెట్టించాడు. ఆయన అక్కడ పెద్ద కంపోజిటర్. గళ్ళగళ్ళ చెక్క కేసు ముందు నిలబడి, ఒక్కో గదిలోంచి ఒక్కో సీసం అక్షరం ఏరి, ఎడమ చేతిలోని స్టిక్కులో వరసగా పేర్చి పేజీ కట్టేవాడు. కట్టిన పేజీలను ఇనుప చట్రంలో బిగిస్తే అదే ఫారం. అచ్చయ్యాక ఆ అక్షరాలన్నీ విడదీసి మళ్ళీ ఎవరి గదిలో వాళ్ళని వెయ్యడం నా పని. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ప్రతిదాని మొహం నాకు తెలుసు, ఇల్లెక్కడో కూడా తెలుసు. నలుగురు కూడి ఏం మాట్లాడుకుంటారో మాత్రం తెలియదు.

ఆ ఉదయం తొమ్మిదిన్నరకు కింద పడిన ఫారంలో ఒక బడి పుస్తకం చివరి రెండు పేజీలున్నాయి. మిగతా అరవై రెండు పేజీలు అచ్చయి, పక్క గదిలో మడతపెడుతున్నారు. సాయంత్రం ఐదింటికి బడి వ్యాను వస్తుంది. మర్నాడు బడి తెరుస్తారు. మామయ్య, బిగించిన ఫారాన్ని రాతిబల్ల మీంచి ఎత్తుకుని మిషను దగ్గరికి వెళ్తూ స్టూలు తగిలి పడ్డాడు. రోజూ గోడ పక్కన ఉండే స్టూలు ఆ రోజు నడిచే దారిలో ఉంది. ఎవరైనా చూసి పక్కకు తప్పుకునేవాళ్ళే.

మామయ్యకు కనబడలేదు.

ఆయన చూపు పోతోందన్న సంగతి ఇద్దరికే తెలుసు, ఆయనకూ నాకూ. రాతిబల్ల నుంచి మిషనుకు పద్నాలుగు అడుగులు, కేసు నుంచి తలుపుకు తొమ్మిది. అలా లెక్కపెట్టుకుని తిరిగేవాడు. అక్షరాలు ఏరడానికి ఆయనకు కళ్ళతో పని లేదు, నలభై ఏళ్ళుగా ఏ గది ఎక్కడుందో చేతికే తెలుసు. రాసిన కాగితాన్ని మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ముక్కుకు ఆనించుకుని చదివేవాడు. ఎవరైనా అడిగితే, "సిరా పలచగా ఉంది" అనేవాడు.

మా యజమాని చెడ్డవాడు కాదు, కానీ మాటంటే మాటే. అంతకు ఆరు నెలల ముందు, కాగితాలు కోసే మిషను మీద పనిచేసే ఆయనకు చూపు తగ్గిందని తెలిసిన రోజే, భుజం మీద చెయ్యి వేసి ఇంటికి పంపేశాడు. "చూపు ఆననివాడికి ప్రెస్సులో ఏం పని? వేలు తెగితే ఆ ఉసురు నాకు తగులుతుంది" అన్నాడు. ఆ ఇంటికెళ్ళినాయన కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పలకరించడానికి వెళ్ళిన మామయ్య చీకటి పడ్డాక తిరిగొచ్చాడు. వచ్చి నాతో ఒక్కటే అన్నాడు.

"నన్ను అలా కూర్చోబెట్టనివ్వకు అల్లుడూ."

అందుకే ఆ చప్పుడు వినగానే ఒక్క గెంతులో ఆయన పక్కన చేరాను.

మిషను నడిపేవాడు నూనె గుడ్డ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. వాణ్ణి అందరం రేడియో అనేవాళ్ళం. వాడి చెవిన పడ్డ మాట వీధి చివరిదాకా వినబడేది.

"అయ్యయ్యో పెద్దాయనా! ఇంత స్టూలు కనబళ్ళేదా?"

"అసలు దారిలో నువ్వెందుకు పెట్టావురా?" అన్నాను.

"నూనె పొయ్యడానికి జరిపాను. ఏం, తప్పా? నాకు కనబడింది, నీకు కనబడింది. ఈయనొక్కడికే కనబళ్ళేదంటే..."

"రాత్రి నిద్ర పట్టలేదు," అన్నాడు మామయ్య, నేల మీద కూర్చునే.

"నలభై ఏళ్ళలో ఒక్క అక్షరం జారవిడవని చెయ్యి. నిద్రేనంటారా?" రేడియో ఆయన మొహం ముందు గుడ్డ అటూ ఇటూ ఆడించాడు. మామయ్య కనురెప్ప కదల్లేదు. "సరే బాబూ, నాకెందుకు? సార్ రెండింటికి, తప్పులు దిద్దే టీచరమ్మని తీసుకుని వస్తానన్నారు. నేనుగా ఏమీ చెప్పను. అడిగితే మాత్రం నా నోట అబద్ధం రాదు."

"అడక్కుండానే నీ నోట అన్నీ వస్తాయిగా," అన్నాను. వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మోకాళ్ళ మీద కూర్చుని అక్షరాలు ఏరడం మొదలుపెట్టాను. మామయ్య కూడా నేలంతా తడుముతున్నాడు. దొరికిన ప్రతి అక్షరం మొహాన్ని బొటనవేలితో రుద్ది చూసి, నొక్కుకుపోయినవాటిని పక్కన పడేస్తున్నాడు.

"ఎంతసేపు పడుతుంది మామయ్యా, మళ్ళీ కట్టడానికి?"

"కట్టడం ఎంతసేపులే. చదవడమే..." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ వారం నుంచి కాగితం అస్సలు కనబడ్డం లేదురా. మంచు కమ్మినట్టుంది. ఈ పేజీలు పోయిన వారమే కట్టాను కాబట్టి గడిచింది. ఎవరైనా చదివి వినిపించాలి."

నాకు చదవడం రాదు. రేడియోని అడిగితే కథ అయిపోయినట్టే. ఇక మిగిలింది పక్క గదిలో కాగితాలు మడతపెట్టే మా ఆవిడ. ఏడో తరగతి దాకా చదివింది. ఆమెకు చెప్పనని మామయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

నేను ఆయన మొహం వైపు చూశాను. నేను చూస్తున్నానని ఆయనకు ఎలా తెలిసిందో.

"పిలువు," అన్నాడు.

మా ఆవిడ వచ్చి, నేల మీది అక్షరాలు చూసింది, తండ్రి మోకాలి మీది రక్తం చూసింది. నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయినేడు వానలు మొదలవకముందు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడు."

"కట్టుకున్నదాని కంటే ఆయన ఒట్టు ఎక్కువైందా మీకు?"

"అమ్మాయ్," అన్నాడు మామయ్య. "వాణ్ణి ఇంటికెళ్ళాక తిట్టుకో. నేనూ వాటా తీసుకుంటాను. ఇప్పుడు ఆ కాగితం అందుకో."

"నువ్వు మాట్లాడకు నాన్నా!" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళి, మడతపెట్టాల్సిన కాగితాల కట్ట ఒకటి తెచ్చుకుని కేసు పక్కన కూర్చుంది. చేతులు మడతపెడుతుంటే నోరు చదువుతుందన్నమాట. ఎవరైనా చూసినా పనిలోనే ఉన్నట్టుంటుంది.

ఇప్పుడు తోకల డబ్బా గురించి చెప్పాలి.

మామయ్య దగ్గర నాలుగు గదుల చిన్న రేకు డబ్బా ఉండేది. అన్నిచోట్లా కంపోజిటర్లు ఒక్కో అక్షరమే ఏరుకుంటారు. ఈయన మాత్రం ఇంగ్లీషు మాటల చివర పదేపదే వచ్చే ముక్కలను తీరిక దొరికినప్పుడల్లా ముందే పేర్చి, సన్నదారంతో కట్టి డబ్బాలో వేసుకునేవాడు. ఒక గదిలో విడి ఎస్‌లు. రెండో గదిలో ఈ-ఎస్. మూడో దాంట్లో ఈ-డి. నాలుగో దాంట్లో ఐ-ఎన్-జి. బళ్ళో వీటికి ఇంకేదో పేరు చెప్పి ఉంటారు తల్లీ, మాకు మాత్రం ఇవి తోకలు. దారాలు కట్టే పని నాదే. వందల తోకలు కట్టాను.

పడిపోయిన రెండు పేజీల నిండా ఆ తోకలే. ఒక పేజీలో వస్తువుల పేర్లు, ఒకటైతే ఒకలా, ఎక్కువైతే ఒకలా. రెండో పేజీలో చేసే పనులు, ఒక్కో మాట నాలుగు రకాలుగా.

"నేను మొదళ్ళు కడతాను, నువ్వు తోకలు తగిలించు," అన్నాడు మామయ్య. "దారం విప్పడం మరచిపోకు. దారం లోపల ఉంటే అక్షరాలు వదులవుతాయి, మిషను మీద లేచిపోతాయి."

"నాకు తెలియని భాషలో తప్పు తగిలిస్తే?"

"ఈ పేజీల్లో ఉన్నవన్నీ బుద్ధిమంతులు. ఒకడికి ఏ తోకో అందరికీ అదే. ఒట్టి మాట, ఎస్, ఈ-డి, ఐ-ఎన్-జి. ఆ వరస తప్పదు. మొండిఘటాలు వేరే ఉన్నాయి, వాళ్ళు ముందు పేజీల్లో అచ్చయిపోయారు."

మా ఆవిడ చదవడం మొదలుపెట్టింది. "వాక్."

మామయ్య చెయ్యి కేసు మీద పిచ్చుకలా గెంతింది. నాలుగుసార్లు 'వాక్' పేర్చి స్టిక్కు నాకందించాడు. మొదటిదాన్ని అలాగే వదిలి, మిగతా మూడింటికి తోకలు తగిలించి దారాలు విప్పాను. వాక్, వాక్స్, వాక్డ్, వాకింగ్. అర్థం తెలియకపోయినా నా చేతికి ఆ వరస ఎక్కేసింది. తర్వాత టాక్. తర్వాత వాష్, కుక్, జంప్, ప్లే, కిల్.

"వాష్‌కి ఏం వేశావు?" అన్నాడు మామయ్య ఉన్నట్టుండి.

"ఎస్."

"తియ్యి. చివర బుసకొట్టే మాటలకు పొట్టి తోక అతకదు. ఈ-ఎస్ వెయ్యి. బాక్స్ వచ్చినా అంతే."

పదకొండు దాటింది. స్టాప్ దగ్గర ఆయన ఆగి, ఇంకో రెండు 'పి'లు ఏరాడు. "వీడు ఒంటరిగా ఈ-డి వేసుకోడు, ఐ-ఎన్-జి వేసుకోడు. తోడు పెట్టాలి. గారాబం." బేక్ దగ్గర 'ఈ' చివరే ఉంది కాబట్టి ఒట్టి 'డి' చాలన్నాడు. క్యారీ దగ్గర, "ఇక్కడ వై గారు పక్కకు తప్పుకుని ఐ గారిని పంపిస్తారు. ఐ-ఎన్-జి వస్తే మాత్రం ఆయనే కూర్చుంటారు" అన్నాడు. చెమట కారుతున్నా ఆయన మొహంలో అలాంటి వెలుగు చాలా రోజుల తర్వాత చూశాను. మా ఆవిడ కూడా చూసింది. చూసి, చదివే వేగం ఇంకాస్త పెంచింది.

పన్నెండున్నరకు ఈ-డి తోకలు అయిపోయాయి. కేసులో చూస్తే 'డి'లు అడుగంటాయి. కొన్ని నేల మీద నొక్కుకుపోయాయి, మిగతావి అంతకుముందు అచ్చయిన ఫారంలో ఇరుక్కుని ఉన్నాయి. ఆ ఫారం మిషను పక్కనే ఉంది, రేడియో కాళ్ళ దగ్గర. నేను వెళ్ళి వాడి ముందే దాన్ని విప్పి, ఒక్కో 'డి' పీక్కోవాల్సి వచ్చింది.

"ఏం బావా, మళ్ళీ కడుతున్నారా? మీ ఆవిడ కూడా కంపోజిటరైందా ఏంటి?"

"మడత పని చూసుకుంటోంది."

"మడతపెడుతూ 'జంప్, జంప్' అంటోందే. ఎవరు దూకాలంట?"

పీకిన 'డి'లను గుప్పిట్లో బిగించి లేచాను. అవి అరచేతిలో గుచ్చుకున్నాయి.

ఒంటిగంటా ముప్పావుకు రెండు పేజీలూ తయారయ్యాయి. రాతిబల్ల మీద చట్రంలో పెట్టి, సిరా పూసి, తడి కాగితం పరచి, తప్పులు చూసుకునే ప్రూఫు తీశాను. మా ఆవిడ కాగితాల కట్టతో తన గదికి వెళ్ళిపోయింది. అప్పుడే యజమాని స్కూటరు ఆగిన చప్పుడు.

"మామయ్యా, మీరు వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కోండి. ఇప్పుడే రాకండి," అన్నాను. టీచరమ్మ ముందు ఆయన చేత ఎవరైనా కాగితం పట్టిస్తారని నా భయం. గోడ పట్టుకుని వెళ్ళాడు.

టీచరమ్మ పొట్టిగా, కళ్ళజోడుతో, నిలువుగా గీసిన గీతలా ఉండేది. ప్రూఫును బల్ల మీద పరచి, పెన్సిలు మొన ఒక్కో మాట మీద ఆనిస్తూ వచ్చింది. రెండో పేజీలో ఏడో మాట దగ్గర ఆగింది.

"ఇదెవరు రాశారు? మా హెడ్మాస్టరేనా?"

"మాకిచ్చిన కాగితంలో అలాగే ఉందమ్మా," అన్నాను. ఏముందో నాకు తెలియదు.

"చంపు, చంపుతాడు, చంపాడు, చంపుతున్నాడు! ఎనిమిదేళ్ళ పిల్లలకి నేర్పాల్సిందిదా? తీసెయ్యండి. కిల్ కాదు, ఫిల్ పెట్టండి. కె తీసి ఎఫ్. నింపుకోనీ పాపం."

ఇక ఏ తప్పూ దొరకలేదు ఆమెకు. నేను సన్నటి పట్టకారుతో నాలుగు 'కె'లు పీకి, నాలుగు 'ఎఫ్'లు దించాను. ఈ లోపల వెనక వసారాలో రేడియో యజమాని పక్కన చేరి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెబుతున్నాడు. యజమాని తల తిప్పి రాతిబల్ల వైపు చూశాడు.

మామయ్య గోడ పక్కనుంచి తిరిగొచ్చాడు. ఏ ఫారమైనా ఆయన చెయ్యి పడందే మిషను ఎక్కకూడదు, అది ఆయన పెట్టుకున్న ఆచారం. అక్షరాల మొహాల మీద వేళ్ళు ఆనించి, పై వరస నుంచి కింది వరస దాకా నెమ్మదిగా తడుముతూ పోయేవాడు. ఏదైనా వదులుగా ఉందేమో చూస్తున్నాడని నేననుకునేవాణ్ణి. ఆ రోజూ అలాగే చేశాడు. మధ్యలో గోరుతో ఏదో లాగాడు. సన్నదారం.

"దారంతో సహా అచ్చేస్తావా అల్లుడూ?" అన్నాడు మెల్లగా.

నేను రెండో ప్రూఫు తీశాను. టీచరమ్మ దాన్ని చూసి, అడుగున పెన్సిలుతో ఏదో రాసి, యజమానికిచ్చింది. యజమాని ఆ కాగితం పట్టుకుని నేరుగా మామయ్య ముందుకొచ్చాడు.

"పెద్దాయనా, పొద్దున ఫారం పడిందట?"

"పడింది సార్. మళ్ళీ కట్టాం."

"స్టూలు కనబళ్ళేదా?"

"చూసుకోలేదు సార్."

"చూసుకోలేదా, కనబళ్ళేదా?" యజమాని ప్రూఫును ఆయన చేతిలో పెట్టాడు. "ఒకసారి చదవండి. వింటాను."

మామయ్య కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని మొహానికి ఎదురుగా ఎత్తాడు. రేడియో పకపకా నవ్వాడు.

"సార్, తలకిందులుగా పట్టుకున్నాడు సార్!"

నిజమే. మామయ్య మాత్రం కాగితం తిప్పలేదు.

"నలభై ఏళ్ళు అక్షరాలను తలకిందులుగా పేర్చినవాణ్ణి," అన్నాడు. "నువ్వు నిలబెట్టి చూపిస్తే నాకు తికమక. మిషను తొక్కేవాడివి, నీకేం తెలుస్తుందిరా?"

టీచరమ్మ నవ్వింది. కంపోజిటర్లు స్టిక్కులో అక్షరాలను తలకిందులుగానే చూస్తారని యజమానికీ తెలుసు. కానీ ఆయన నవ్వలేదు.

"అయితే అలాగే చదవండి. రెండో పేజీ. పై నుంచి ఏడో మాట."

పొద్దున మా ఆవిడ చదివిన వరస మొత్తం మామయ్యకు కంఠతా వచ్చని నాకు తెలుసు. ఆరో మాట అడిగినా, ఎనిమిదోది అడిగినా గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు. కానీ ఏడో మాటే మారింది. మారినప్పుడు ఆయన కుళాయి దగ్గరున్నాడు. చెప్పాల్సినవాణ్ణి నేను, రేడియో వైపు చూస్తూ మరచిపోయాను. ఆయన కిల్ అంటాడు. అన్న మరుక్షణం కిటికీ పక్కన కుర్చీ.

దగ్గుదామనుకున్నాను. దగ్గితే ఏం తెలుస్తుంది ఆయనకు? నోరు తెరిచాను. యజమాని నా వైపు చూపుడువేలు ఎత్తాడు. మూసుకున్నాను.

మామయ్య కాగితం మీద కాదు, తన కుడిచేతి వేళ్ళ మీద బొటనవేలు కదిలిస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు...

"ఫిల్," అన్నాడు. "ఫిల్స్. ఫిల్డ్. ఫిల్లింగ్."

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన ఫారం మీద చెయ్యి వేసేది వదులు చూడటానికి కాదు. చదువుకోవడానికి.

రేడియో మొహం వాడిపోయింది. టీచరమ్మ, "బాగుంది. ఇందాక మార్పించింది కూడా చూసుకున్నారే" అంది. అంతలోనే యజమాని మళ్ళీ అడిగాడు. గొంతు మెత్తబడింది. దాంతో నాకు భయం ఇంకా పెరిగింది.

"ఒక్కటే అడుగుతాను పెద్దాయనా. అడుగున టీచరమ్మగారు పెన్సిలుతో ఏం రాశారు?"

పెన్సిలు రాత తాకితే తెలియదు. మామయ్య కాగితాన్ని నెమ్మదిగా కిందికి దించి, నాలుగు మడతలు పెట్టాడు.

"పెన్సిలు నాకు కనబడదు సార్. మీరూ కనబడ్డం లేదు, గొంతును బట్టి నిలబడ్డాను. సీసం మీద ఉన్నదేదైనా అడగండి, చెబుతాను. కాగితం మీదిది నా వల్ల కాదు."

యజమాని నోరు విప్పేలోపు పక్క గది తలుపు దగ్గర్నుంచి గొంతు వినబడింది.

"కాగితం నేను చదువుతాను సార్."

మా ఆవిడ. చేతిలో కాగితం మడత నొక్కే బద్ద అలాగే ఉంది.

"పొద్దున కూడా నేనే చదివాను. నాన్న కట్టాడు, ఈయన తోకలు తగిలించారు. నాలుగు గంటల్లో అయింది. ఇందులో తప్పుంటే ముగ్గుర్నీ పంపించెయ్యండి."

నేను తల వంచుకున్నాను. ముగ్గుర్నీ అన్నది ఆమె, నన్ను అడగనైనా అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదులెండి.

యజమాని టీచరమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. పుస్తకం మొత్తంలో ఎన్ని తప్పులు దిద్దారు?"

"మొత్తమ్మీద ముప్పై దాకా. ఈ రెండు పేజీల్లో ఒక్కటీ లేదు. ఆ హెడ్మాస్టరు మాట తప్ప," అందామె. "అడుగున నేను రాసిందీ అదే. శుభ్రంగా ఉంది, అచ్చెయ్యండి అని."

యజమాని గోడ గడియారం చూశాడు. మూడుంపావు.

"ఐదింటికి వ్యాను," అన్నాడు రేడియోతో. "ఇంకా నిలబడ్డావేం? ఎక్కించు." మామయ్యతో మాత్రం, "రేపు మాట్లాడదాం" అని లోపలికెళ్ళిపోయాడు.

ఫారాన్ని నేను మోశాను. పద్నాలుగు అడుగులూ లెక్కపెట్టుకుంటూ. వ్యాను ఐదుంపావుకు వెళ్ళింది, పుస్తకాలన్నీ దాంట్లో ఉన్నాయి. ఇంటికి నడుస్తూ మా ఆవిడ మామయ్య చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. సందు మలుపు దగ్గర మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఊరుకున్నాడు. నా మీద తిట్ల బాకీ అలాగే ఉందని ఆమె చూపును బట్టి తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున మామయ్య రానన్నాడు. "రేపు మాట్లాడదాం అంటే ఏంటో నాకు తెలుసు. ఆ భుజం మీద చెయ్యి నాకొద్దు" అన్నాడు. మా ఆవిడ చొక్కా తెచ్చి ఒళ్ళో పడేసింది. "వెయ్యనీ. వేశాక వద్దాంలే," అంది.

ప్రెస్సు తలుపు అప్పటికే తీసి ఉంది. రోజూ నేనే తీసేవాణ్ణి. లోపల యజమాని ఒక్కడే, చొక్కా చేతులు పైకి మడిచి, చెమటతో ఉన్నాడు. మమ్మల్ని చూసి, ఏమీ అనకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మామయ్య గుమ్మం దాటి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. నాలుగో అడుగు దగ్గర అలవాటుగా చెయ్యి చాపాడు. అక్కడ ఎప్పుడూ కాగితం బేళ్ళు ఉండేవి, వాటిని ఆనుకుని మలుపు తిరిగేవాడు. చేతికి ఏమీ తగల్లేదు.

"బేళ్ళేవీ?"

"వెనక గోడకి జరిపేశారు మామయ్యా."

"స్టూలు?"

నేను చుట్టూ చూశాను. కేసు నుంచి రాతిబల్లకు, రాతిబల్ల నుంచి మిషనుకు, అక్కడి నుంచి తలుపుకు నడిచే దారంతా ఖాళీగా, ఊడ్చినట్టుంది. స్టూలు మామయ్య కేసు పక్కన, కిటికీ వెలుతురు పడేచోట వేసి ఉంది. దాని మీద ఆ రోజు కట్టాల్సిన పని తాలూకు రాసిన కాగితాలు, ఎగిరిపోకుండా మీద ఒక సీసం ముక్క.

"మీ కేసు పక్కనే ఉంది," అన్నాను. "మీకోసం కాదు. చదివేవాళ్ళకి."

ఆయన మిగిలిన ఐదు అడుగులూ నడిచి, కేసు అంచు తడిమి, స్టిక్కు అందుకున్నాడు.

"అమ్మాయ్, కూర్చో. గట్టిగా చదువు, గొణక్కు," అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం చూస్తున్నావు? ఈ-డి తోకలు నిన్ననే అయిపోయాయి. దారం తీసుకో."